మళ్ళీ లెక్కించమనే విన్నపం: గ్రామ పంచాయతీ ఎన్నికలలో పునర్గణన, తనిఖీల చరిత్ర

ప్రవేశిక

తెలుగులో ‘లెక్క’ అనే మాటకు ఉన్న అర్థవ్యాప్తి గమనించదగినది. లెక్కపెట్టడమంటే ఎంచడం. లెక్కచేయడమంటే గౌరవించడం, ఖాతరు చేయడం. లెక్క చెప్పడమంటే తనకు అప్పగించిన దానికి జవాబుదారీ వహించడం. ‘వాడు నన్ను లెక్కచేయలేదు’ అని ఒక పల్లెటూరి మనిషి అన్నప్పుడు అందులో అంకెలేమీ ఉండవు, అవమానం మాత్రమే ఉంటుంది. సర్పంచి ఎన్నికలో నాలుగైదు ఓట్లతో ఓడిన అభ్యర్థి ‘మళ్ళీ లెక్కపెట్టండి’ అని అడిగినప్పుడు ఈ మూడర్థాలూ ఆ విన్నపంలో కలిసి ఉంటాయి. చట్టం మాత్రం మొదటి అర్థాన్నే వింటుంది, దానినీ కొన్ని షరతుల మీదనే వింటుంది.

ఎన్నికల చరిత్రపై మనకున్న రచనలు ఎక్కువగా పార్టీలు, నాయకులు, కులసమీకరణాల చుట్టూ తిరుగుతాయి. ఓట్లను లెక్కించే బల్ల దగ్గర ఏమి జరుగుతుందో, ఆ లెక్కను సందేహించే హక్కు ఎవరికి, ఎంతసేపు, ఏ భాషలో ఉందో పరిశీలించిన రచనలు తక్కువ. స్థానిక ఎన్నికలలో పునర్గణనను కోరే పద్ధతి మనకు ఏ రూపంలో సంక్రమించింది, ఎన్నిక తరువాత జరగవలసిన తనిఖీ అందులో ఎందుకు ఇమడలేదు అనే రెండు ప్రశ్నలకు ఈ వ్యాసం పరిమితమవుతుంది. మన వ్యవస్థలో తిరిగి లెక్కించమని అడగాలంటే ముందు ఎవరినో ఒకరిని తప్పుపట్టాలి. తనిఖీకి ఆ అవసరం లేదు. ఈ తేడా గ్రామంలో ఉన్నంత తీవ్రంగా మరెక్కడా ఉండదన్నది నా వాదం.

కుండ, చీటీ, అయిదు వేళ్ళు

స్థానిక ఎన్నికల చరిత్ర చెప్పేవారు ఉత్తరమేరూరు శాసనాలను తప్పక ప్రస్తావిస్తారు. కాంచీపురం సమీపంలోని ఆ గ్రామంలో, వైకుంఠపెరుమాళ్ ఆలయంగా నేడు వ్యవహరించే సభామండపం గోడలపై మొదటి పరాంతక చోళుని కాలంలో, క్రీ.శ. 919, 921 సంవత్సరాలలో చెక్కిన రెండు తీర్మానాలవి. వాటిని ప్రజాస్వామ్యానికి ప్రాచీన నిదర్శనంగా చూపించడం పరిపాటి. ఆ గౌరవాన్ని కొంత తగ్గించి చూడవలసి ఉంది. అది బ్రాహ్మణ అగ్రహారం. అర్హత భూమి, సొంత ఇల్లు, వేదాధ్యయనం కలిగి, 35 నుండి 70 ఏళ్ళ మధ్య వయసున్న పురుషులకే. పైగా అక్కడ జరిగినది ఓటింగు కాదు, చీటీ తీయడం.

అయినా ఈ వ్యాసానికి అవి అవసరమే. ఎవరు ఎన్నికయ్యారన్న విషయం కంటే ఎన్నికను ఎలా చూపించారన్న విషయంపై ఆ శాసనాలు ఎక్కువ శ్రద్ధ పెట్టాయి. ముప్పై కుడుంబులకు, అంటే వార్డులకు, వేరువేరుగా తాటాకు చీటీల కట్టలు కట్టి కుండలో వేస్తారు. పిన్నపెద్దలతో మహాసభ నిండుగా కూర్చుంటుంది. ఊరిలో ఉన్న పూజారులందరూ తప్పక హాజరు కావాలి. వారిలో వృద్ధుడైన ఒకరు నిలబడి కుండను అందరికీ కనిపించేటట్లు పైకెత్తుతాడు. లోపల ఏమున్నదో తెలియని బాలుని చేత ఒక కట్ట తీయించి, దానిని మరో కుండలో వేసి కలిపి, ఆ బాలుని చేతనే ఒక చీటీ తీయిస్తారు. దానిని అందుకునే మధ్యస్థుడు అయిదు వేళ్ళూ చాచిన అరచేతితో అందుకోవాలి. అతడు చదివిన పేరును అక్కడున్న పూజారులందరూ మళ్ళీ చదవాలి. అప్పుడే ఆ పేరు నమోదవుతుంది.

అరచేయి చాచాలన్న నిబంధన దగ్గర కొంతసేపు ఆగాలి. మధ్యస్థుడు చీటీ మారుస్తాడని శాసనం ఆరోపించడం లేదు. ఎవరూ ఆరోపించక ముందే, ఆరోపణకు తావులేకుండా చేతిని తెరిపిస్తున్నది. అందరూ మళ్ళీ చదవడం కూడా అలాంటిదే. దానిని ఒక విధంగా పునర్గణన అనవచ్చు, కాని అది ఎవరి కోరిక మీదా జరగదు. పద్ధతిలోనే భాగంగా ఉంటుంది. మరొక నిబంధన కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. వారియంలో, అంటే సభా సంఘంలో, పనిచేసి లెక్క అప్పచెప్పనివారు, వారి బంధువులు మళ్ళీ చీటీకి అర్హులు కారు. ఎన్నిక లెక్క, పాలన లెక్క ఒకే తీర్మానంలో పక్కపక్కన ఉన్నాయి.

ప్రసంగవశాత్తు ఒక మాట. ఆ కుండ, చీటీల పద్ధతిని తమిళంలో ‘కుడవోలై’ అన్నారు. మన భాషలో ‘ఓటు’ ఆంగ్లం నుండి వచ్చింది. కారిపోయే కుండను మనం ‘ఓటికుండ’ అంటాం, ఓడిపోవడాన్ని ‘ఓటమి’ అంటాం. ఈ ధ్వనిసామ్యాలను పట్టుకొని వ్యుత్పత్తి చెప్పబూనడం పొరపాటు. ఓడినవాడు మాత్రం కుండ ఎక్కడో కారిందనే అనుకుంటాడు.

పెట్టె నుండి ముద్రకు

ఆధునిక ఎన్నికలలో ఏది లెక్కిస్తారన్నది ఓటు వేసే పద్ధతిని బట్టి మారుతూ వచ్చింది. అక్షరాస్యత తక్కువగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో రంగుపెట్టెలు వాడారు. 1937 శాసనసభ ఎన్నికలలో కాంగ్రెసుది పసుపు పెట్టె. ‘పసుపు పెట్టెకే ఓటు’ అన్నది ఆనాటి ప్రచారం. 1951-52 తొలి సాధారణ ఎన్నికలలోనూ ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై అతని గుర్తు ఉండేవి. ఓటరు కాగితం మీద ఏమీ రాయనవసరం లేదు, ముద్ర వేయనవసరం లేదు. కాగితం ఏ పెట్టెలో పడితే ఆ పెట్టెవానిది. అలాంటప్పుడు సందేహం ప్రధానంగా పెట్టె మీద, సీలు మీద, పెట్టె ప్రయాణించిన దారి మీద ఉండేది. కాగితాన్ని చదవవలసిన పని తక్కువ.

1962 సాధారణ ఎన్నికల నాటికి గుర్తులన్నీ ఒకే పత్రం మీదకు వచ్చాయి. ఓటరు తనకు నచ్చిన గుర్తుపై ముద్ర వేయాలి. అప్పటి నుండి లెక్కింపు ఒక రకమైన పఠనంగా మారింది. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే ఎవరిది? మడిచినప్పుడు సిరా అవతలి గడిలో అంటితే ఏది అసలు ముద్ర, ఏది దాని నీడ? ముద్రకు బదులు వేలిముద్ర పడితే? తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఈ ప్రశ్నలు కొత్తవి కావు. ఒకే ఆకును ఇద్దరు పండితులు రెండు విధాలుగా చదవడం మనకు తెలిసినదే. కాని పాఠపరిష్కర్త తన నిర్ణయానికి కారణం పుట అడుగున రాస్తాడు, కాదన్నవారు మళ్ళీ ఆ ప్రతిని తెరచి చూడగలరు. ఓటు పత్రం అలా కాదు. ఒకసారి చదివి కట్ట కట్టి సీలు వేసిన తరువాత న్యాయస్థానం ఆజ్ఞ లేనిదే దానిని ఎవరూ తెరవరాదు.

మన రెండు రాష్ట్రాలలో గ్రామ పంచాయతీలకు నేటికీ కాగితమే. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు విడతలుగా, 2019 జనవరిలోనూ 2025 డిసెంబరులోనూ తెలంగాణలో మూడేసి విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికలు బ్యాలెట్ పత్రాలతోనే జరిగాయి. 2020 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలక సంస్థ ఎన్నికలలో కూడా అదే పద్ధతి. కనుక ముద్రను చదివే సమస్య మన గ్రామాలలో చరిత్రలో కలిసిపోలేదు.

అడిగే వ్యవధి, అడిగే భాష

తెలంగాణలో పంచాయతీ పోలింగు మధ్యాహ్నం ఒంటిగంటకు ముగిస్తే రెండు గంటలకు లెక్కింపు మొదలవుతుంది. సాధారణంగా ఊరి బడిలోనే జరుగుతుంది. సర్పంచి పత్రాలను, వార్డు సభ్యుల పత్రాలను రంగును బట్టి విడదీసి, ఇరవై అయిదేసి కట్టలు కట్టి, తరువాత గుర్తుల వారీగా వేరుచేస్తారు. సందేహాస్పదమైన పత్రాలను స్టేజ్-2 రిటర్నింగ్ అధికారి చూసి చెల్లుతుందో లేదో తేలుస్తారు. ఫలితం ప్రకటించగానే అదే రోజు వార్డు సభ్యులు చేతులెత్తి ఉపసర్పంచిని ఎన్నుకోవాలి. బడి బయట డప్పులు సిద్ధంగా ఉంటాయి. పోలీసులకు, సిబ్బందికి తొందరగా పెట్టెలు సర్దుకొని మండల కేంద్రానికి చేరాలన్న ఆత్రుత. ఓడినవాని ఏజెంటు నోరు తెరవవలసిన సమయం సరిగ్గా ఇదే.

శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు వర్తించే 1961 నాటి నిర్వహణ నియమాలలో 63వ నియమం ఈ సమయాన్ని నిర్వచిస్తుంది. పంచాయతీ నియమాలు కూడా దాదాపు ఆ మూసలోనే పోసినవి. మొత్తం ఓట్లు ప్రకటించిన తరువాత అభ్యర్థి గాని, అతని ఏజెంటు గాని కారణాలు చూపి రాతపూర్వకంగా పునర్గణన కోరవచ్చు. అధికారి పూర్తిగానో కొంతమేరకో అంగీకరించవచ్చు, నిరాధారమని తోచితే తిరస్కరించవచ్చు. ఏది చేసినా కారణాలు రాయాలి. ఫలితపత్రంపై సంతకం చేశాక ఇక ఏ విన్నపమూ చెల్లదు. సంతకానికి ముందు అభ్యర్థులకు తగినంత అవకాశం ఇవ్వాలని నియమం చెబుతుంది. ‘తగినంత’ అంటే ఎన్ని నిమిషాలో చెప్పదు.

ఇక్కడ భాషాసమస్య ఒకటి ఉంది. ‘మళ్ళీ లెక్కపెట్టండి సార్’ అన్న మాట నియమం దృష్టిలో విన్నపం కాదు. కారణాలతో కూడిన కాగితమే విన్నపం. డప్పుల మోతలో, కూలిపని చేసుకునే ఒక ఏజెంటు తెల్లకాగితం సంపాదించి, ఏ బల్ల మీద ఏ కట్టలో ఏ తప్పు జరిగిందో రాసి ఇవ్వగలడా? ఇవ్వలేకపోయిన ఆ కాగితమే తరువాత న్యాయస్థానంలో అతనికి ఎదురుతిరుగుతుంది. ఆనాడే ఎందుకు అడగలేదన్న ప్రశ్న ఎదురుపక్షం వకీలు వేసే మొదటి ప్రశ్న.

సంతకం పడిన తరువాత మిగిలేది ఎన్నికల పిటిషనే. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243-ఓ అధికరణం పంచాయతీ ఎన్నికను మరే మార్గంలోనూ ప్రశ్నించరాదంటుంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలోని 233వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. అక్కడ పునర్గణన కోరేవానిపై ఉన్న భారాన్ని సుప్రీంకోర్టు ఆరు దశాబ్దాలుగా క్రమంగా నిర్మిస్తూ వచ్చింది. రామ్ సేవక్ యాదవ్ కేసులో, 1964లో, ఓటు పత్రాల తనిఖీ అడిగిందే తడవుగా ఇచ్చేది కాదని, మౌలిక వాస్తవాలు స్పష్టంగా చెప్పాలని తీర్పు వచ్చింది. 1975లో భాభీ వర్సెస్ శివగోవింద్ కేసులో షరతులు వరుసగా పేర్కొన్నారు. ఆరోపణ నిర్దిష్టంగా ఉండాలి, ప్రాథమికంగా నమ్మదగినదిగా ఉండాలి, ఓటు గోప్యత కాపాడాలి, ఆధారాలు ‘గాలించడానికి’ పత్రాలు తెరవరాదు. ఆంగ్ల న్యాయపరిభాష ఇక్కడ చేపలవేట ఉపమానం వాడుతుంది. వలవేసి చూద్దాం, ఏదైనా పడుతుందేమో అనే ధోరణి పనికిరాదని భావం.

ఈ వరుసలో మనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది 1989 నాటి షంసుద్దీన్ కేసు. అది తమిళనాడులో ఒక గ్రామ పంచాయతీ అధ్యక్ష పదవికి సంబంధించినది. కింది న్యాయస్థానం పునర్గణనకు ఆదేశించింది, లెక్క తారుమారైంది, ఓడినవానికే ఎక్కువ ఓట్లు వచ్చాయి. సుప్రీంకోర్టు అయినా ఆ ఆదేశాన్ని నిలబెట్టలేదు. పునర్గణనకు తగిన ఆధారం ముందే ఉండాలి, తిరిగి లెక్కిస్తే వచ్చిన ఫలితం ఆ ఆదేశాన్ని వెనుకనుంచి సమర్థించజాలదు అన్నది తీర్పు సారం. న్యాయతర్కంగా ఇది పొందికైనదే. గ్రామంలో నిలబడి చదివితే వేరుగా వినిపిస్తుంది. ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో అందరికీ తెలిసిపోయిన తరువాత, ఆ తెలిసినది తెలియనట్లే ఉండవలసి వచ్చింది.

ఈ కాఠిన్యానికి సరైన కారణం లేకపోలేదు. ప్రతి ఓటు పత్రానికీ కౌంటర్‌ఫాయిలు ఉంటుంది, దానిపై ఓటరు వరుససంఖ్య ఉంటుంది. పత్రాలను తరచుగా తెరిస్తే ఎవరు ఎవరికి వేశారో కూపీలాగే ప్రమాదం ఉంది. నగరం కంటే గ్రామంలో ఈ ప్రమాదం ఎక్కువ. రెండు వీధులకు ఒక వార్డుగా ఉన్నచోట ఆ వార్డు లెక్క చూడగానే ఏ వీధి ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. ఓటింగు యంత్రాల విషయంలో ఈ భయంతోనే బూతుల ఓట్లను కలిపి లెక్కించే ‘టోటలైజర్’ను ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ 255వ నివేదికలో సమర్థించింది. కనుక గోప్యత సాకు మాత్రమేనని కొట్టిపారేయడం తొందరపాటు. అయితే గోప్యతను కాపాడడానికి సందేహాన్ని మూసివేయడం ఒక్కటే మార్గమా?

ఒక ఊరు, ఆరు బూతులు

హర్యానాలోని పానిపట్ జిల్లా బువానా లాఖూ గ్రామంలో 2022 నవంబరు 2న సర్పంచి ఎన్నిక జరిగింది. 65 నుండి 70 వరకు ఆరు బూతులు. 69వ బూతు లెక్కపై వివాదం వచ్చింది. అక్కడ వాడినది యంత్రం, కనుక ముద్రను చదివే చిక్కు లేదు. మీటలు నొక్కితే అంకెలు వస్తాయి. అయినా ఆ అంకెలు మళ్ళీ చూడడానికి రెండు సంవత్సరాల తొమ్మిది నెలలు పట్టింది. 2025 ఏప్రిల్‌లో ఎన్నికల ట్రిబ్యునల్ ఆ ఒక్క బూతు పునర్గణనకు ఆదేశించింది. జూలైలో హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. అదే నెలాఖరున సుప్రీంకోర్టు ఆరు బూతుల యంత్రాలనూ ఢిల్లీకి తెప్పించమంది. ఆగస్టు 6న న్యాయస్థాన ప్రాంగణంలోనే, రిజిస్ట్రార్ సమక్షంలో, వీడియో తీస్తూ లెక్కించారు. మొత్తం 3,767 ఓట్లలో పిటిషనరుకు 1,051, సర్పంచిగా ఉన్న వ్యక్తికి 1,000 వచ్చాయి. ఆగస్టు 11న, రెండు రోజులలో పిటిషనరును సర్పంచిగా ప్రకటించాలని ఆదేశం వెలువడింది.

ఈ కేసును పత్రికలు విశేషంగా రాశాయి. దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒక ఊరి ఓట్లు స్వయంగా లెక్కించడం నిజంగా విశేషమే. నాకు మాత్రం ఇందులో విజయం కంటే వ్యయమే ఎక్కువ కనిపిస్తుంది. అయిదేళ్ళ పదవీకాలంలో సగానికి పైగా, మెజారిటీ రాని వ్యక్తి సంతకాలతో ఆ ఊరి పాలన నడిచింది. ఆ కాలాన్ని తిరిగి లెక్కించే పద్ధతి లేదు. లెక్కింపు పూర్తి కావడానికి మాత్రం ఒక్క రోజు చాలింది.

ఇంకొక నష్టం రికార్డులకు ఎక్కదు. పిటిషను వేసినవాడు, పదవిలో ఉన్నవాడు ఒకే ఊరివారు. ఒకే చెరువు, ఒకే రేషను దుకాణం, చాలాసార్లు ఒకే బంధుత్వం. చట్టం కోరినట్లు నిర్దిష్టమైన ఆరోపణ చేయడమంటే ఎన్నికల విధులకు వచ్చిన ఉపాధ్యాయుని మీదనో, పొరుగింటి ఏజెంటు మీదనో కాగితం రాయడం. మన పల్లెలలో ఇలాంటి కాగితం తరతరాల పగకు మొదటి వాక్యం కాగలదు. అందుకే సందేహం ఉన్నవారు కూడా చాలామంది అడగరు. అడిగినవారిని ఊరు ‘ఓటమి ఒప్పుకోలేనివాడు’ అంటుంది.

అడగకుండానే జరిగే తనిఖీ

శాసనసభ, లోక్‌సభ స్థాయిలో వేరొక ఆలోచన కొంత వేళ్ళూనింది. ఓటరు చూడగలిగే కాగితపు చీటీ స్వేచ్ఛాయుతమైన ఎన్నికలకు అవసరమని 2013లో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ చీటీలలో సగం లెక్కించాలని చంద్రబాబు నాయుడుతో సహా 21 మంది ప్రతిపక్ష నాయకులు కోరగా, 2019 ఏప్రిల్ 8న ఒక్కొక్క అసెంబ్లీ విభాగంలో ఒకటికి బదులు అయిదు యంత్రాల చీటీలు లెక్కించాలని తీర్పు వచ్చింది. దేశం మొత్తానికి 479 యంత్రాల నమూనా చాలునన్న భారత గణాంక సంస్థ నివేదిక కూడా ఆ సందర్భంలో చర్చకు వచ్చింది. ఏ అయిదు యంత్రాలన్నది చీటీ తీసి నిర్ణయిస్తారు. ఎవరూ ఆరోపించనవసరం లేదు. 2024 ఏప్రిల్ 26 తీర్పు మరొక అడుగు వేసి, రెండు, మూడు స్థానాలలో నిలిచినవారు ఫలితం వెలువడిన ఏడు రోజులలో రాసి ఇస్తే 5 శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్లు పరిశీలించాలంది. పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘాల పరిధిలోనివి కావడంతో ఇవేవీ వాటిని తాకలేదు.

ఎన్నిక తరువాతి తనిఖీని స్థానిక యంత్రాంగంలోనే స్థిరపరచిన ఉదాహరణ కావాలంటే దూరం వెళ్ళాలి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2017 నవంబరు నుండి కౌంటీల వారీగా కాగితపు ఓటు పత్రాల నమూనా తనిఖీ తప్పనిసరి చేసింది. ప్రకటించిన ఫలితం తప్పయ్యే అవకాశాన్ని ముందే నిర్ణయించిన పరిమితిలో ఉంచేటట్లు ఎన్ని పత్రాలు తీయాలో గణితం చెబుతుంది. మెజారిటీ తక్కువైతే ఎక్కువ పత్రాలు, ఎక్కువైతే తక్కువ. ఏ పత్రాలు తీయాలన్నది యాదృచ్ఛికంగా తేలాలి కనుక, బహిరంగ సమావేశంలో పది ముఖాల పాచికలు ఇరవై సార్లు వేసి ఆ అంకెలతో ఎంపిక మొదలుపెడతారు. ఈ వివరం చదివినప్పుడు ఉత్తరమేరూరు బాలుడు గుర్తుకు రాక మానడు. పదకొండు వందల ఏళ్ళ ఎడంలో రెండుచోట్లా నమ్మకానికి ఆధారం ఒక్కటే: ఎంపిక చేసే చేతికి లోపల ఏముందో తెలియకపోవడం, ఆ చేతిని అందరూ చూడడం.

అంత దూరం వెళ్ళనవసరం లేని ఉదాహరణ కూడా ఒకటి ఉంది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ బాధ్యత ఇచ్చింది. దానిని 2006 నుండే పట్టుదలతో అమలుచేసి, 2009లో ప్రత్యేక సంస్థ నెలకొల్పినది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. మస్టర్ రోలులో ఉన్న పేర్లను ఇంటింటికీ తిరిగి సరిచూసి, గ్రామసభలో బిగ్గరగా చదివి, మండల ప్రజావేదికలో అధికారుల ఎదుట తేల్చే పద్ధతిని దేశం మన దగ్గర చూసి నేర్చుకుంది. పేరు చదివించుకోవడానికి కూలీ ఎవరిపైనా ముందుగా ఆరోపణ చేయనవసరం లేదు. తనిఖీ అందరికీ జరుగుతుంది, కనుక ఎవరికీ అవమానం కాదు. తప్పు దొరికితే అప్పుడు పేరు బయటికి వస్తుంది.

అంటే ఒకే ఊరి బడిలో రెండు లెక్కలు జరిగాయి. చెరువు పూడికతీతకు ఎన్ని పనిదినాలో చెప్పే లెక్కను ఊరు గట్టిగా చదివి వింటుంది. ఆ పనిపై సంతకం పెట్టిన సర్పంచిని ఎన్నుకున్న లెక్క సీలు వేసిన కట్టలలో ఉంటుంది. సర్పంచి పదవికి ఇద్దరికి సమానంగా ఓట్లు వస్తే అధికారి చీటీ తీసి విజేతను తేల్చడానికి నియమం అనుమతిస్తుంది, అభ్యర్థులూ ఊరూ ఆ చీటీని ఒప్పుకుంటారు. ఇరవై అయిదు పత్రాల కట్టలలో నుండి ఇలాగే చీటీ తీసి, ఫలితంపై సంతకానికి ముందు రెండో కట్టనో మూడో కట్టనో అందరి ఎదుట మళ్ళీ చదవడానికి మాత్రం నియమంలో చోటు లేదు. గోప్యతకు అందులో భంగమేమీ లేదు, ఆ పత్రాలను అదే ఏజెంట్లు గంట క్రితమే చూశారు. కౌంటర్‌ఫాయిళ్ళు వేరే కవరులో సీలు వేసే ఉంటాయి. నిర్ణీత గడువు తరువాత ఎవరూ పిటిషను వేయని ఊళ్ళ కట్టలను తెరవకుండానే నాశనం చేస్తారు.